కాలేయంలో మొదలయ్యే లింఫోమా – వ్యాధి నిర్ధారణ



సూరత్ నగరంలో గోడాదరా అనే ప్రాంతం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఆ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. అక్కడ యాభై ఏళ్ళు దాటిన ఒక నేత కార్మికుడు ఉన్నాడనుకుందాం. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, విడవని జ్వరం. బరువు తగ్గుతున్నాడు. స్కానింగులో కాలేయంలో గడ్డ కనిపించింది. "కాలేయ క్యాన్సర్, ఇక లాభం లేదు" అని ఇంటివారు కుంగిపోయారు. నిజంగా అంతేనా? ఈనాటి మన పాఠం ఇదే.

కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఏర్పడటానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి, కాలేయ కణాల నుంచే పుట్టడం. రెండు, పేగు వంటి ఇతర అవయవాల నుంచి పాకి రావడం. మూడవది చాలా అరుదు. రోగాలతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలే అదుపు తప్పి, మొదట కాలేయంలో గడ్డ కట్టడం. దీనినే ప్రాథమిక కాలేయ లింఫోమా అంటారు.

స్కాన్ చిత్రం ఒక్కటే చూసి దీనిని గుర్తించడం కష్టం. రక్తపరీక్ష కొంత సూచన ఇస్తుంది. కాలేయ క్యాన్సర్‌లో తరచు పెరిగే ఆల్ఫా ఫీటోప్రోటీన్ ఇందులో సాధారణంగా పెరగదు. ఎల్.డి.హెచ్. అనే ఎంజైము తరచు పెరుగుతుంది. అయితే సూచన వేరు, రుజువు వేరు. రుజువు కోసం గడ్డ నుంచి సూదితో చిన్న ముక్క తీయాలి. ఇదే బయాప్సీ.

ఆ ముక్కకు హెమటాక్సిలిన్ అనే రంగు వేస్తారు. ఇది లాగ్‌వుడ్ చెట్టు చేవ నుంచి వచ్చేది, ఒకప్పుడు బట్టలకు అద్దినది! ఆ తరువాత యాంటీబాడీలతో పరీక్షిస్తారు. బి-లింఫోసైట్ల మీద సి.డి.20 అనే ప్రోటీన్ ఉంటుంది. కాలేయ కణాల మీద ఉండదు. కాబట్టి గడ్డ ఏ కణాలదో తేలుతుంది.

మరి లింఫోమా కాలేయంలోనే మొదలైందా? 1998లో దీనికి మూడు షరతులు ప్రతిపాదించారు. తొలి లక్షణాలు కాలేయానివై ఉండాలి. వేరేచోట లింఫు గ్రంథులు వాచి ఉండకూడదు. రక్తంలో క్యాన్సర్ కణాలు కనిపించకూడదు.

ఇంత శోధన ఎందుకంటారా? చికిత్సే మారిపోతుంది కనుక. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ అనే మందు ఆ సి.డి.20నే పట్టుకుంటుంది. దానిని కీమోథెరపీతో కలిపి ఇస్తే కొందరు పూర్తిగా కోలుకుంటారు. బయాప్సీకి ముందే స్టెరాయిడ్లు వాడితే మాత్రం గడ్డ తాత్కాలికంగా కరిగి, అసలు వ్యాధి దొరకకుండా పోవచ్చు.

గడ్డ కనబడగానే ఆశ వదులుకోకూడదు, పేరు తేలకుండా మందు మొదలుపెట్టకూడదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. సెలవు.