"ఖాళీదే" అన్న మాట దగ్గర ఆగండి
(ఆగస్టు 9 యువజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 మనకు పండుగ రోజు. ఆదివాసీ ప్రజల గురించి ఐక్యరాజ్యసమితి వేసిన కార్యబృందం 1982లో మొదటిసారి సమావేశమైన తేదీ కాబట్టి దీన్ని ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా పెట్టుకున్నాం. భాష గురించి, భూమి గురించి పెద్దలు చెప్పారు. నాకు ఇచ్చిన అంశం యువత భద్రత. అందులో ఒక్క విషయమే మాట్లాడతాను. శిక్షణలో గానీ, ప్రదర్శనలో గానీ తుపాకీ దగ్గర మనం ఎలా ఉండాలి?

ఇది మనకెందుకు అనుకోవద్దు. ఈ హాల్లో ఎన్‌సీసీ పిల్లలున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం తెల్లవారకముందే లేచి పరుగు తీస్తున్న వాళ్ళున్నారు. 1959లో లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర ప్రాణాలిచ్చిన పోలీసు జవాన్లను తలుచుకుంటూ ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. ఆ రోజుల్లో ఓపెన్ హౌస్ పెట్టి విద్యార్థులకు ఆయుధాలు చూపిస్తారు. మన పిల్లలూ వెళ్తారు. వెళ్ళాలి కూడా. పోలీసంటే ఉన్న బెరుకు పోతుంది. అయితే భయం పోవడం వేరు, జాగ్రత్త పోవడం వేరు.

2016లో ఇదే ఆగస్టు 9న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, పుంటా గోర్డా అనే చిన్న పట్టణంలో ఏం జరిగిందో వినండి. పోలీసులు ఎలా పనిచేస్తారో ఊరివాళ్ళకు చూపించే కార్యక్రమం పెట్టారు. సుమారు 35 మంది వచ్చారు. "కాల్చాలా, వద్దా" అని పోలీసు క్షణంలో ఎలా నిర్ణయించుకుంటాడో తెలియడానికి ఒక చిన్న నాటకం. అందులో పాల్గొనడానికి 73 ఏళ్ళ విశ్రాంత లైబ్రేరియన్‌ను ఎంపిక చేశారు. దొంగ వేషం ఒక పోలీసు అధికారి వేశాడు. అతను రివాల్వర్ ఆమె వైపు పెట్టి కాల్చాడు. అందులో ఉన్నవి ఉత్తుత్తి తూటాలనుకున్నాడు. అవి అసలు తూటాలు. భర్త కళ్ళ ముందే ఆమె కూలిపోయింది. ఆమె ప్రాణం దక్కలేదు.

ఆ అధికారికి ఆమె మీద పగ లేదు. ఆ తూటాల్లో సీసపు ముక్క మొన తేలి కనిపించదు, కేసు అంచుతో సమానంగా ఉంటుంది. చూడగానే ఉత్తుత్తి తూటా అనిపిస్తుంది. రంగంలోకి దిగే ముందు రెండో మనిషి ఒక్కొక్క తూటా తీసి చూసి ఉంటే ఆమె ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేది. తర్వాత అతని ఉద్యోగం పోయింది. కోర్టు 2019లో అతనికి జైలు వేయలేదు, 10 ఏళ్ళ ప్రొబేషన్ విధించింది. పోలీసు చీఫ్ మీదా కేసు పెట్టారు, ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. నగరపాలక సంస్థ కుటుంబానికి 20 లక్షల డాలర్లకు పైగా ఇచ్చింది. డబ్బు వచ్చింది, మనిషి రాలేదు.

ఉత్తుత్తి తూటా అయితే పర్వాలేదా? అదీ కాదు. అందులో సీసం ఉండదు గానీ మందు ఉంటుంది. పేలినప్పుడు గొట్టంలోంచి వేడి గాలి మహా వేగంతో తన్నుకొస్తుంది. 1984లో జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికన్ నటుడు సెట్లో సరదాకి అలాంటి తుపాకీ కణతకు ఆనించుకుని నొక్కాడు. ఆ దెబ్బకే చనిపోయాడు.

అమెరికా సంగతి అంటారా? 2023 డిసెంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో ఒక మహిళ పాస్‌పోర్ట్ పని మీద పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడ ఒక ఎస్సై తన చేతికి అందించిన పిస్తోలు చూస్తుండగా అది పేలింది. ఎదురుగా నిలబడి ఉన్న ఆమెకు తగిలింది. కొన్ని రోజులకు ఆస్పత్రిలో కన్నుమూసింది. ఆమె శిక్షణకు కూడా వెళ్ళలేదు. గొట్టం తిరిగిన దిక్కున ఉంది, అంతే.

విల్లు ఉన్న మన ఇళ్ళల్లో పిల్లలకు మొదట చెప్పే మాట ఏమిటి? ఆటకైనా బాణం మనిషి వైపు ఎక్కుపెట్టకు అని. తుపాకీకి ప్రపంచమంతా చెప్పే నియమాలూ ఇవే. ప్రతి తుపాకీలో తూటా ఉందనే అనుకో. కాల్చకూడని దాని వైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. గురి వెనక ఏముందో చూసుకో. ఒక నియమం తప్పినా చాలాసార్లు మిగతావి కాపాడతాయి. ఒకటికి మించి తప్పితే ప్రాణం పోవచ్చు.

ఇక మీరు చేయాల్సింది చెబుతాను.

ప్రదర్శనకు వెళ్తే బల్ల మీద ఉన్నది దూరం నుంచి చూడండి. చెప్పకుండా ముట్టుకోవద్దు. ఫోటో కోసం స్నేహితుడి తలకు గురిపెట్టడం, గొట్టం ఎదురుగా నిలబడి సెల్ఫీ తీసుకోవడం వద్దే వద్దు. మా హాస్టల్ పిల్లలు ఓపెన్ హౌస్‌కు బయలుదేరే ముందు ఈ మాట వాళ్ళ చేత చెప్పించుకుని గానీ బస్సెక్కించను.

నాటకంలో వేషం వేయమంటే మూడు ప్రశ్నలు అడగండి. "సార్, ఇది అసలు తుపాకీయా, డమ్మీయా? ఎవరెవరు చూశారు? అసలు తూటాలు ఈ గదిలో ఉన్నాయా?" ఇలాంటి వాటికి రంగు వేసిన రబ్బరు తుపాకులు, ప్లాస్టిక్ తుపాకులు ఉంటాయి. అవే వాడాలి. అసలు తుపాకీ అని తెలిస్తే, "సార్, నేను పక్కన కూర్చుని చూస్తాను" అనండి. అది పిరికితనం కాదు, అమర్యాదా కాదు.

ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్ కాల్చేవాళ్ళు ఆదేశం వచ్చేదాకా కదలవద్దు. నొక్కినా పేలకపోతే గొట్టం గురి వైపే ఉంచి, చెయ్యెత్తి చెప్పండి. వెనక్కి తిరిగి చూపించవద్దు. డ్రిల్‌కిచ్చే డీపీ రైఫిల్‌తోనూ ఇదే అలవాటు ఉంచుకోండి. చేతికి అలవాటైనదే ఆపదలో పనికొస్తుంది.

మన పిల్లల్లో నేను చూసే మంచి గుణం ఒకటుంది. పెద్దవాళ్ళ ముందు నోరెత్తరు. యూనిఫాం ముందైతే అసలే ఎత్తరు. ఈ ఒక్కచోట మాత్రం ఎత్తాలి. మంచి అధికారి అడిగినవాడిని కోప్పడడు. తెరిచి చూపిస్తాడు.

రేపు ఖాకీ వేసుకోబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ మంచి అధికారి మీరే కావాలి. ఊరివాళ్ళ ముందు ఆయుధం పట్టినప్పుడు అసలు తూటాలు ఆ చోటుకే రానివ్వకండి. సొంత తుపాకీ వాడకండి. మీరు చూసినా మరొకరికి చూపించండి. ఎవరో గూడెం పిల్ల లేచి "సార్, ఖాళీదేనా?" అని అడిగితే నవ్వి ఊరుకోకండి. ఛాంబర్ తెరిచి, ఆ పిల్లకు కనిపించేలా పెట్టండి.

జై ఆదివాసీ. సెలవు.