పాత అంబాసిడరుకు కొత్త వైరింగు

(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను విషయాలు పెద్దలు చెప్పేశారు. నాది వేరే సంగతి. మనలో కొందరి ఇళ్ళలో అంబాసిడర్ కార్లు ఇంకా ఉన్నాయి. 2014లో ఉత్తరపారాలో వాటి తయారీ ఆగిపోయింది గనుక పిల్లలు ముచ్చటపడి బాగుచేయిస్తున్నారు. రంగుకూ సీట్లకూ వేలకు వేలు పోస్తారు. కంటికి కనబడని వైరింగు దగ్గర మాత్రం బేరమాడతారు.

పన్నెండు వోల్టులు షాకు కొట్టవు, నిజమే. కాని తొడుగు పోయిన బ్యాటరీ తీగ బాడీకి తగిలితే వందల ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఒక మిత్రుని కారులో డాష్‌బోర్డు కింద పొగ లేచింది. వెనుక సీట్లో మనవలున్నారు. వెంటనే పిల్లల్ని దింపి బ్యాటరీ తీగ పీకేశారు గనుక సరిపోయింది. విప్పి చూస్తే అది ఆరు నెలల కిందట వేయించిన కొత్త వైరింగే! పెద్ద బల్బులు, సన్న తీగ, హెడ్‌లైట్లకు ఫ్యూజే లేదు.

లెక్క మనకు కొత్త కాదు గదా. అరవై వాట్ల బల్బులు రెండు, మొత్తం 120 వాట్లు. పన్నెండుతో భాగిస్తే 10 ఆంపియర్లు. నూరు వాట్లవి పెడితే సుమారు 17. ఒక్కో పోగు 0.30 మిల్లీమీటర్ల మందం ఉన్న 14 పోగుల రాగి తీగ ఎనిమిది ఆంపియర్ల వరకే మోస్తుంది. 28 పోగులది పదిహేడు. తీగ మోయగలిగిన దానికంటే ఫ్యూజు తక్కువదై ఉండాలి. నా మట్టుకు అరవై వాట్లు దాటవద్దంటాను, ఎదుటివారి కళ్ళకూ మంచిది.

కొనేముందు బండి పెట్రోలా, డీజిలా, డైనమోనా, ఆల్టర్నేటరా అని రాసుకోండి. డీజిలుకు హీటరు ప్లగ్గుల కోసం లావు తీగ కావాలి. డైనమోకు విడిగా రెగ్యులేటరు పెట్టె ఉంటుంది, దాని తీగల అమరికే వేరు. "అన్ని మోడళ్ళకూ సరిపోతుంది సార్" అన్న సెట్టును నేనైతే ముట్టుకోను.

మన ఆఫీసుల్లో మూడు కొటేషన్లు తెప్పించి తక్కువదానికి ఆర్డరిచ్చేవాళ్ళం. ఇక్కడ ఆ పద్ధతి పనికిరాదు. పోగును బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. టెర్మినల్‌కు అయస్కాంతం అంటుకుంటే ఇత్తడి కాదు, ఇనుము. రంగులు కూడా చూడండి. బ్రిటిష్ లూకాస్ పద్ధతిలో గోధుమరంగు నేరుగా బ్యాటరీ నుంచి, తెలుపు తాళం తిప్పాక, ఆకుపచ్చ ఫ్యూజు దాటాక, నలుపు ఎర్త్. అన్నీ ఎర్ర తీగలే వేసిన సెట్టు చౌకే గాని, రేపు రిపేరు వస్తే మెకానిక్కుకు దిక్కు తోచదు.

పాతది విప్పేటప్పుడు, ఫైలుకు ఫ్లాగులు పెట్టినట్లు, ప్రతి కొసకూ చీటీ కట్టించండి. కొత్తది బిగించి అన్ని దీపాలూ వెలిగేదాకా పాతది పారేయవద్దు. బ్యాటరీ దగ్గర ఒక కట్-ఆఫ్ స్విచ్ పెట్టించి, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి ఉంచండి.