చెరువు ఊట – వాగులో ఇంజను



చెరువుకు, దాని దిగువ వాగుకు నడుమ ఇసుక పొర యున్నచో నీరు కంటికి కనపడకయే వాగులోనికి ఊరుచుండును. వాగులో ఇంజను పెట్టి నీటిమట్టమును సగమునకు దింపినచో ఊట రెట్టింపగునని కొందరి ఆశ. లెక్క వేసి చూతము.

ఇసుకలో నీరు వాలును, తడి పొర మందమును, ఇసుక నీటిని పోనిచ్చు శక్తిని బట్టి నడచును. దీనిని 1856లో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు డార్సీ ప్రయోగము చేసి తెలిపెను.

అడుగున గట్టి రాయి ఉన్నదనుకొందము. రాతిపై చెరువు నీరు 8 మీటర్లు, వాగు నీరు 4 మీటర్లు, రెంటి ఎడము 200 మీటర్లు. ఇసుక శక్తి రోజుకు 5 మీటర్లు. సగటు మందము 6 మీటర్లు, వాలు 200కు 4. అప్పుడు వాగు గట్టు పొడవున ప్రతి మీటరుకు రోజుకు 600 లీటర్లు ఊరును.

ఇప్పుడు వాగు నీటిని 2 మీటర్లకు దింపుడు. వాలు ఒకటిన్నర రెట్లయినది, నిజమే. కాని తడి పొర సగటు మందము 5 మీటర్లకు తగ్గినది. వచ్చునది 750 లీటర్లే! రాయి కనపడువరకు తోడినను 800 దాటదు. చెరువు అడుగున ఒండ్రు పట్టియున్నచో అదియు రాదు.

పైగా రెంటికి సరిగా నడుమనున్న పొరుగువాని బావిలో నీరు సుమారు అరమీటరు దిగును. ఇంజను కొనుటకు ముందే ఆ బావిలో తాడు వేసి మట్టము కొలిచి వ్రాసి ఉంచుకొనుడు.