వెతుకులాటకు పరీక్ష పెట్టేదెవరు?

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)



75 ఏండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని బడి చరిత్ర చెప్పడం ఆనవాయితీ. ఆ చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఈ సంచికలోనే వ్రాశారు. అందుచేత నేను వేరొక విషయం ఎత్తుకుంటున్నాను. అది విన్నాక, ఈమెకు కంప్యూటరు సంగతులెందుకని మీరు అనుకోవచ్చు. నిజమే, నేను చదివినది బి.ఎ., బి.ఎడ్. మాత్రమే. అయితే ప్రశ్నపత్రం తయారుచేయడం, జవాబులు దిద్దడం ఇన్నేండ్లుగా నా వృత్తి. నేను చెప్పబోయేదీ ఒక పరీక్ష గురించే.

రెండేండ్ల క్రితం వానకాలంలో మా తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె ఇంట్లో, చేలో శెనక్కాయ చెట్ల ఆకులమీద నల్లమచ్చలు వచ్చాయి. అది తిక్క తెగులని ఊళ్లో ఎవరో అన్నారట. ఆ పిల్ల తండ్రి సెల్‌ఫోను తీసుకొని "శెనక్కాయ తిక్క" అని వ్రాసి వెతికింది. వచ్చినవేమిటి? సినిమా పాటలు, హాస్య దృశ్యాలు, హోటలు వంటకాలు! మన తెలుగులో తిక్క అంటే ఏమిటో ఈ సభలో విడమరచి చెప్పనక్కరలేదు. మరునాడు ఆ పిల్ల నా గదికి వచ్చి, "మేడమ్, మా ఇంట్లో మాట్లాడేది తప్పు తెలుగా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. మూడువైపుల ఆంధ్రదేశం, చుట్టూ కన్నడ పరిపాలన గల ఈ పావగడ తాలూకాలో మన పిల్లలు తమ ఇంటిమాటను గురించి ఇప్పటికే సందేహంతో పెరుగుతున్నారు. ఇప్పుడు యంత్రం కూడా ఆ సందేహానికి సాక్ష్యం పలికినట్లయినది. కాని ఆ పిల్ల మాటలో తప్పేమున్నది? తిక్క ఆకుమచ్చ తెగులన్న పేరు వ్యవసాయ పుస్తకాలలోనూ ఉన్నది. పుస్తకం వేరుశనగ అంటుంది, మనం శెనక్కాయ అంటాం, తెలంగాణలో పల్లీ అంటారు. ఈ మూడూ ఒకటేనని యంత్రానికి ఎవరో నేర్పాలి. నేర్చినదో లేదో ఎవరో పరీక్షించాలి. ఆ పరీక్ష పెట్టేదెవరని విచారించగా, దాని వెనుక 60 ఏండ్లకు మించిన చరిత్ర ఉన్నదని తెలిసింది.

ఇంగ్లండులోని క్రాన్‌ఫీల్డు విమానశాస్త్ర కళాశాలలో సిరిల్ క్లెవర్డన్ అనే గ్రంథాలయాధికారి ఉండేవారు. పుస్తకాలను, పత్రాలను వెతికిపట్టడానికి ఏ పద్ధతి మేలు అని ఆనాడు పండితులు తమతమ పద్ధతిని పొగడుకొంటూ వాదులాడుకొనేవారు. ఆయన వాదన మాని, 1957 ప్రాంతంలో పరీక్షకు పూనుకొన్నారు. 18,000 పత్రాలు, 1,200 ప్రశ్నలు, నాలుగు పద్ధతులు. ఆ నాలుగింటిలో ఒకటి మన రంగనాథన్‌గారి ఆలోచనల నుండి పుట్టిన ముఖవర్గీకరణ. బెంగుళూరులో 1962లో గ్రంథాలయ శాస్త్ర పరిశోధన కేంద్రం నెలకొల్పిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారే వారు. తీరా చూస్తే నాలుగు పద్ధతుల ఫలితాలూ ఇంచుమించు సమానంగా తేలాయట! పండితులకు అది రుచించలేదు. తరువాత 1960లలోనే 1,400 పత్రాలతో, 225 ప్రశ్నలతో రెండవ పరీక్ష జరిగింది. ఒకే పత్రాల కట్ట, ఒకే ప్రశ్నలు, ఏ పత్రం ఏ ప్రశ్నకు పనికివస్తుందో ముందే మనుషులు వ్రాసిపెట్టిన తీర్పులు. ఈ మూడూ ఉంటే ఏ పద్ధతినైనా తూచవచ్చు. నేటికీ ఆ త్రాసే వాడుతున్నారు.

తూకంలో రెండు గుండ్లుంటాయి. మన గొర్రెలు 20 తప్పిపోయాయనుకోండి. వెతకబోయిన కుర్రవాడు సాయంత్రానికి 10 తోలుకొచ్చాడు. వాటిలో 8 మనవి, 2 పొరుగూరివి. తెచ్చిన 10లో 8 సరియైనవి గనుక కచ్చితత్వం బాగున్నది. కాని మన 20లో 8 మాత్రమే దొరికాయి గనుక సమగ్రత సగం కూడ లేదు. కనబడిన మందనంతా తోలుకొస్తే సమగ్రత పెరుగుతుంది, పొరుగూరితో తగాదా వస్తుంది. వెతుకులాట యంత్రాల బాధ ఇదే.

1992లో అమెరికా ప్రభుత్వపు తూనికలు కొలతల ప్రమాణ సంస్థ, ట్రెక్ అనే పేరుతో ఈ పరీక్షను పెద్దయెత్తున ఆరంభించింది. మొదటి ఏడు 25 బృందాలు వచ్చాయి. అందరికీ ఒకే పత్రరాశి, ఒకే ప్రశ్నలు. లక్షలాది పత్రాలను ప్రతి ప్రశ్నకూ ఎవరు చదువగలరు? అందుకొక ఉపాయం చేశారు. ఒక్కొక్క బృందం తెచ్చిన జవాబులలో మొదటి 100 తీసి ఒక రాశి పోసి, అది ఏ బృందం తెచ్చినదో తెలియనీయకుండా మనిషిచేత చదివించి తీర్పు వ్రాయించారు. ఆరేడు సంవత్సరాలలో యంత్రాల నేర్పు దాదాపు రెట్టింపైనది. నాకు మిక్కిలి నచ్చినది మరొక నియమం: అక్కడి ఫలితాలను వ్యాపార ప్రకటనలకు వాడుకోరాదు. మార్కులు చూసి బ్యానర్లు కట్టించే మన బడులు ఈ నియమాన్ని ఒకసారి తలచుకొంటే మంచిది.

మన భాషల సంగతికి వస్తాను. ఐరోపా దేశాలవారి క్లెఫ్ అనే ఇటువంటి పరీక్షలో, 2006లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీవారు తెలుగు, హిందీ ప్రశ్నలతో ఇంగ్లీషు పత్రాలను వెతికే ప్రయత్నం చేశారు. 2008లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ చొరవతో ఫైర్ అనే పేరిట మన దేశంలోనే పరీక్ష మొదలైనది. రంగనాథన్‌గారి బెంగుళూరు కేంద్రం ఈ సంస్థలోని భాగమే. కాని ఆ తొలిసారి వెతకడానికి ఇచ్చిన భారతీయభాషా పత్రరాశులు బెంగాలీ, హిందీ, మరాఠీలవే. మన తెలుగుకు రాశి లేదు. రాశి లేనిచోట తీర్పరులుండరు, తీర్పరులు లేనిచోట యంత్రం తప్పుచేసినా దిద్దేవారుండరు. మన భాషకు ఇది చిన్న లోటు కాదు. ఇల్లు, ఇంటికి, ఇండ్లలో అంటూ ఒకే మాట ఇన్ని రూపాలు ధరించే భాషకు ఇంగ్లీషు లెక్క సరిపోదు. ఆ తరువాత కొంత మేలు జరిగింది. 2020లో పదకొండు భాషల టైడి అనే ప్రశ్నల సంకలనంలో తెలుగు చేరింది. 2022లో వచ్చిన పదునెనిమిది భాషల మిరాకిల్‌లోనూ ఉన్నది. అందులో మాతృభాషీయులు చదివి ఇచ్చిన తీర్పులు అన్ని భాషలకూ కలిపి ఏడు లక్షలు దాటాయి. అయితే ఈ రెండింటిలోనూ వెతికేది వికీపీడియా వ్యాసాలను. శెనక్కాయ చేలో నిలబడి అడిగే ప్రశ్నలు అక్కడికి చేరడం అరుదు.

అందుచేత నిరుడు మా బడిలోనే చిన్న పరీక్ష పెట్టుకొన్నాం. తల్లిదండ్రుల నుండి 24 ప్రశ్నలు సేకరించాం. బోరు నీళ్లకు పిల్లల పండ్లపై మరకలెందుకు? సోలారు పార్కుకు కౌలుకిచ్చిన భూమి గడువు తీరాక ఎట్లా తిరిగివస్తుంది? ఇటువంటివి. తరగతిని మూడు జట్లు చేశాం. ఒక జట్టు ఇంటిమాటలతో, ఒకటి పుస్తకం మాటలతో, మూడవది నేటి పిల్లల అలవాటు ప్రకారం ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు వ్రాసి వెతకాలి. ప్రతి జట్టుకూ వచ్చిన మొదటి ఐదు జవాబులను చీటీలపై ఎక్కించి, కలిపి, ఏ జట్టువో చెప్పకుండా ఒక ఉపాధ్యాయునికి, ఒక రైతుకు, ఒక గృహిణికి ఇచ్చాం. పనికొస్తుంది, పనికిరాదు — ఈ రెండే మార్కులు.

తీర్పరులు తగవులాడుకొన్నారు. మందు కొట్టే పద్ధతి చెప్పే చీటీని మా ఉపాధ్యాయుడు పనికొస్తుందన్నారు. "అది కాలువనీటి పైరుకు చెప్పినది సార్, మనది వానపైరు" అని రైతు కొట్టివేశాడు. నేను కంగారుపడ్డాను. ట్రెక్‌లోనూ ఇదే జరిగిందని తరువాత తెలిసింది. ఇద్దరు తీర్పరులలో ఎవరో ఒకరు పనికొస్తుందన్న పత్రాలలో, ఇద్దరూ కలిసి ఒప్పుకొన్నవి సగం కూడా లేవట. అయినా ఏ యంత్రం మెరుగు, ఏది తక్కువ అనే వరుస మాత్రం పెద్దగా మారలేదని ఎలెన్ వోర్‌హీస్ అనే పరిశోధకురాలు లెక్కగట్టి చూపారు. మా చిన్న పరీక్షలోనూ ఎవరి తీర్పు తీసుకొన్నా పుస్తకం మాటల జట్టే ముందున్నది, ఇంటిమాటల జట్టు వెనుకబడింది. ఆనాడు నా గదికి వచ్చిన పిల్ల ఇంటిమాటల జట్టులోనే ఉన్నది. పట్టిక చూసి, "మేడమ్, తప్పింది ఫోను" అన్నది.

పూర్వ విద్యార్థులలో బెంగుళూరులో, హైదరాబాదులో, విదేశాలలో కంప్యూటరు కొలువులు చేసేవారున్నారు. మీరు బెంచీలు, ఫ్యాన్లు ఇచ్చారు, సంతోషం. మరొకటి అడుగుతున్నాను. ఆఫీసు గదిలో ఒక రిజిస్టరు పెట్టాం. మీ అవ్వలు, తాతలు, అమ్మలు అడిగే ప్రశ్నలను వారి నోటిమాటలోనే అందులో వ్రాయండి, వ్యాకరణం దిద్దకండి. ఏడాదికి ఒక ఆదివారం వచ్చి తీర్పరులుగా కూర్చోండి. ఆ ప్రశ్నలు, తీర్పులు అడిగిన పరిశోధకులకు ఉచితంగా ఇద్దాం. చేతనైనవారు ఆ పని చూసిపెట్టండి.

24 ప్రశ్నలలో ఒకదానికి మూడు జట్లు తెచ్చిన చీటీలన్నీ పనికిరాకపోయాయి. అడిగినది ఒక ముసలావిడ. ధాత కరువులో మన పక్క జనం ఏమి తిని బ్రతికారు అని. అది 1876 నాటి కరువు. తన అవ్వ చెప్పగా ఆమె చిన్నప్పుడు విన్నదట, ఇప్పుడు మరచిపోయింది. రిజిస్టరులో ఆ ప్రశ్న కెదురుగా ఒక పుట ఖాళీగా ఉంచాం. ఈ సభలో ఎవరి ఇంటనైనా ఆ సంగతి తెలిసినవారుంటే, భోజనాల తరువాత ఆఫీసు గదికి రండి. కలం అక్కడే ఉన్నది.