పట్నం రాసిచ్చే నోటు
(మహిళల చదువుల కేంద్రంలో చేసిన ప్రసంగం)



పోయిన వారం మీరు ఇక్కడ పేపరు చదువుతున్నారట. ఒక ముక్క దగ్గర అందరూ ఆగిపోయారట. "నగరపాలక సంస్థ బాండ్లు" అని ఉందట. మీ టీచరమ్మ నాతో చెప్పింది. "పట్నానికి అప్పేంటి? పట్నం వెళ్ళి ఎవరి గుమ్మం ముందు నిలబడుతుంది?" అని ఒకామె అడిగిందట. చాలా మంచి ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకునే ఈ రోజు మాట్లాడతాను.

మీ అందరికీ పొదుపు సంఘం తెలుసు. నెల నెలా డబ్బు వేస్తాం. ఎవరికైనా అవసరం వస్తే అప్పు ఇస్తాం. ఇచ్చే ముందు ఊరికే ఇస్తామా? ఎందుకమ్మా అని అడుగుతాం. దేంతో తీరుస్తావు అని అడుగుతాం. పాత బాకీ ఎంత ఉందో పుస్తకం తీసి చూస్తాం. బర్రెను కొంటాను అంటే సరే అంటాం. పాలు అమ్మి కడుతుంది కదా! పాత వడ్డీ కట్టడానికి కొత్త అప్పు కావాలి అంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం.

పట్నం చేసే అప్పు కూడా ఇంతే. సున్నాలు ఎక్కువ ఉంటాయి.

బాండు పేపరు అనగానే మనకు స్టాంపు కాగితం గుర్తొస్తుంది. ఈ బాండు అది కాదు. ఇది ప్రోనోటు లాంటిది. "మీ దగ్గర ఇంత డబ్బు తీసుకున్నాం. ఏటా ఇంత వడ్డీ ఇస్తాం. ఫలానా ఏడాదికి అసలు తిరిగి ఇస్తాం" అని పట్నం రాసిచ్చే నోటు. వంద కోట్లు ఒక్కరే ఇవ్వాలంటే కష్టం. అందుకని అప్పును చిన్న చిన్న ముక్కలు చేసి నోట్లు రాస్తారు. ఒకరు పది కొంటారు, ఇంకొకరు వెయ్యి కొంటారు. బ్యాంకులు కొంటాయి. బీమా కంపెనీలు కొంటాయి. డబ్బున్న మనుషులు కొంటారు. నోటు కొన్నవాళ్ళకు మధ్యలో డబ్బు అవసరం వస్తే, దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఈ రోజుల్లో చేతిలో కాగితం కూడా ఉండదు. అంతా కంప్యూటరు ఖాతాలోనే.

మరి పట్నానికి ఇంటి పన్ను వస్తుంది, నీటి పన్ను వస్తుంది. అప్పు ఎందుకు? చూడండి. నది నుంచి ఊరికి పెద్ద పైపు వేయాలి. దానికి వంద కోట్లు కావాలి అనుకుందాం. ఆ పైపు ముప్పై, నలభై ఏళ్ళు పని చేస్తుంది. మన మనవరాళ్ళు కూడా ఆ నీళ్ళే తాగుతారు. ఆ ఖర్చంతా ఈ ఒక్క ఏడాదే మన నెత్తిన వేస్తే మోయగలమా? మోయలేం. అప్పు తెచ్చి పైపు వేస్తే, నీళ్ళు తాగేవాళ్ళు ఏటా కొంచెం కొంచెం తీరుస్తారు. అందులో న్యాయం ఉంది. అదే అప్పు తెచ్చి ఈ నెల జీతాలు ఇచ్చారనుకోండి. వచ్చే నెల మళ్ళీ జీతాలు ఇవ్వాలి. అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఒక పట్నం కథ చెబుతాను. గుజరాత్‌లో సబర్మతి నది ఒడ్డున అహమ్మదాబాద్ ఉంది. బట్టల మిల్లుల ఊరు. 1993-94లో ఆ ఊరి నగరపాలక సంస్థ 35 కోట్ల రూపాయల లోటులో ఉంది. అలాంటి ఊరికి నోటు మీద అప్పు ఎవరిస్తారు? మనమైనా ఇవ్వం.

అప్పుడు అక్కడి అధికారులు ముందు ఇల్లు చక్కదిద్దుకున్నారు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళోకి వచ్చే సరుకు మీద సుంకం ఉండేది. దాన్ని ఆక్ట్రాయ్ అనేవాళ్ళు. ఊరి పొలిమేరలో నాకాలు పెట్టి, లారీలు ఆపి వసూలు చేసేవాళ్ళు. లక్ష రూపాయల సరుకు తెచ్చి యాభై వేలే అని రాయించే వ్యాపారులు ఎక్కడైనా ఉంటారు కదా! సరుకుల అసలు ధరలు ఎంతో పట్టుకుని, నాకాల దగ్గర గట్టిగా తనిఖీ చేశారు. ఆదాయం పెరిగింది. ఇంటి పన్ను ఎగ్గొట్టిన వాళ్ళ పేర్లు పేపర్లో వేయించారు. అప్పటికీ కట్టని వాళ్ళకు నీళ్ళు, మురుగు పైపులు ఆపారు. కొన్నేళ్ళలో లోటు పోయి మిగులు వచ్చింది.

అప్పు ఇచ్చేవాళ్ళకు ఊరి లెక్కలు చూసి చెప్పే సంస్థలు ఉన్నాయి. క్రిసిల్ అని అలాంటిది ఒకటి. ఆదాయం ఎంత, ఖర్చు ఎంత, పాత బాకీలు ఎంత అని అది చూస్తుంది. చూసి పరపతి మార్కులు వేస్తుంది. అంకెలు కాదు, అక్షరాలే. ఒక ఎ, రెండు ఎ లు, మూడు ఎ లు. ఎ లు ఎక్కువ ఉంటే నమ్మకం ఎక్కువ, వడ్డీ తక్కువ. మనం అక్షరాలు దిద్దుకున్నట్టే పట్నాలూ అక్షరాలు తెచ్చుకోవాలి! అహమ్మదాబాద్‌కు రెండు ఎ లు వచ్చాయి.

1998 జనవరిలో ఆ ఊరు 100 కోట్ల రూపాయలకు బాండ్లు అమ్మింది. నీటి పథకానికి, మురుగు కాల్వలకు. అంతకు ముందు ఏడాది, 1997లో, బెంగుళూరు 125 కోట్లకు బాండ్లు అమ్మింది. కాని దానికి కర్ణాటక ప్రభుత్వం జామీను నిలబడింది. అహమ్మదాబాద్‌కు ప్రభుత్వం జామీను లేదు. మన దేశంలో అలా సొంత పరపతి మీద బాండ్లు అమ్మిన మొదటి ఊరు అదే. వడ్డీ 14 శాతం. ఏడేళ్ళ గడువు. మన లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి రూపాయి పదిహేడు పైసలు.

జామీను లేకుండా ఎలా నమ్మారు? పది నాకాల్లో వసూలయ్యే సుంకాన్ని వేరే ఖాతాలో వేస్తాం అని ఒప్పుకున్నారు. ఆ డబ్బు ముందు బాండ్ల వాళ్ళకే. వాళ్ళకు ఇచ్చాకే మిగతా ఖర్చులకు. చిట్టీ డబ్బులు బియ్యం డబ్బాలో విడిగా దాచినట్టు అన్నమాట.

ఈ ఏర్పాటు మంచిదే. కాని నాకు ఒక మాట ఎప్పుడూ గుచ్చుకుంటుంది. అప్పు ఇచ్చినవాళ్ళ డబ్బుకు వేరే డబ్బా ఉంది. వీధి కొళాయికి వేరే డబ్బా ఏ ఊళ్ళోనైనా ఉందా? కరువొచ్చినా, వరదొచ్చినా బాండ్ల వాయిదా ఆగదు. మన వీధి కాల్వ పని మాత్రం "వచ్చే ఏడాది చూద్దాం" అంటారు.

2002లో అహమ్మదాబాద్ మళ్ళీ 100 కోట్లకు బాండ్లు అమ్మింది. ఈసారి 9 శాతానికే డబ్బు దొరికింది. ఆ వడ్డీ మీద ఆదాయపు పన్ను లేకుండా ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది. దేశంలో వడ్డీలు కూడా తగ్గాయి. ఊరి మాట మీద నమ్మకం కూడా కొంత కలిసొచ్చి ఉంటుంది.

సరే, బాండ్ల డబ్బుతో పెద్ద పైపు ఊరి దాకా వస్తుంది. గుడిసె దాకా ఎవరు తెస్తారు? ఇదే ఊళ్ళో ఆ రోజుల్లోనే ఇంకొక పని జరిగింది. అది మీకు చెప్పకుండా ఉండలేను.

సంజయ్‌నగర్ అని అక్కడ ఒక పేదల బస్తీ ఉంది. సుమారు 180 కుటుంబాలు. ఇంటింటికీ కొళాయి, మరుగుదొడ్డి, మురుగు పైపు, వీధి రోడ్డు, దీపం. ఇవన్నీ వేయాలంటే ఇంటికి 6,000 రూపాయలు అవుతుందని లెక్క వేశారు. 2,000 నగరపాలక సంస్థ ఇచ్చేటట్టు, 2,000 అరవింద్ మిల్లు ఇచ్చేటట్టు, 2,000 ఆ ఇంటివాళ్ళు కట్టేటట్టు ఒప్పందం జరిగింది. కూలి చేసుకునే ఆడవాళ్ళకు రెండు వేలు ఒక్కసారి ఎక్కడి నుంచి వస్తాయి? ఆ ఊళ్ళో సేవా బ్యాంకు అని ఉంది. 1974లో కూలీ ఆడవాళ్ళు, కూరగాయలు అమ్ముకునే ఆడవాళ్ళు వాటాలు వేసుకుని పెట్టుకున్న బ్యాంకు. ఆ బ్యాంకులో ఆడవాళ్ళు కొంచెం కొంచెం దాచారు. చాలనిది అప్పు తీసుకున్నారు. పదేళ్ళ పాటు మిమ్మల్ని అక్కడ నుంచి ఖాళీ చేయించం అని నగరపాలక సంస్థ మాట ఇచ్చింది. నన్నడిగితే, ఆ రెండు వేలు కట్టించింది ఆ మాటే. రేపు గుడిసె పీకేస్తారు అనుకుంటే ఎవరు కడతారు?

అంటే ఒకే కొళాయి వెనక రెండు అప్పులు. నగరం వంద కోట్ల నోటు రాసింది. ఒక ఇల్లాలు రెండు వేలకు వేలిముద్ర వేసిందో, సంతకం పెట్టిందో! పేపర్లో మొదటిదే పెద్ద అక్షరాల్లో వచ్చింది.

"మాది చిన్న ఊరు, మా నోటు ఎవరు కొంటారు?" అని మీరు అడగవచ్చు. నిజమే. చిన్న మునిసిపాలిటీ ఒంటరిగా వెళితే కొనేవాళ్ళు దొరకడం కష్టం. తమిళనాడులో దీనికి ఒక దారి వెతికారు. 2002లో పదికి పైగా చిన్న ఊళ్ళు ఒక నిధి కింద కలిశాయి. అందరి తరఫున కలిపి సుమారు 30 కోట్లకు బాండ్లు అమ్మారు. నీటికి, మురుగు పనులకు ఆ డబ్బు పంచుకున్నారు. మీరు నవ్వుతున్నారు. అవును, ఇది మన పొదుపు సంఘం పద్ధతే!

ఇక మన హైదరాబాద్. 2018 ఫిబ్రవరిలో అక్కడి నగరపాలక సంస్థ 200 కోట్లకు బాండ్లు అమ్మింది. వడ్డీ 8.9 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లకు అమ్మింది. వడ్డీ 9.38 శాతం. 2019 ఆగస్టులో 100 కోట్లకు అమ్మింది. వడ్డీ 10.23 శాతం. రోడ్లకు, ఫ్లైఓవర్లకు ఆ డబ్బు. విశాఖపట్నం కూడా 2018 డిసెంబరులో 80 కోట్లకు అమ్మింది, 10 శాతం వడ్డీకి.

పలకా బలపం తీయండి. లెక్క చేద్దాం. 200 కోట్లకు 8.9 శాతం అంటే ఏడాదికి 17 కోట్ల 80 లక్షలు. రోజుకు 4 లక్షల 87 వేలు. తెల్లవారితే చాలు, కట్టాలి. నెలకు నూటికి ఎంత? ముప్పావలాకు ఒక పైసా తక్కువ. మూడోసారికి వచ్చేసరికి 85 పైసలు అయింది. మూడిటికీ కలిపి ఏడాది వడ్డీ 46 కోట్ల పైన.

మనం ఊళ్ళో నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు వడ్డీ కడుతున్నాం. వాళ్ళకు ముప్పావలాకే దొరికింది. చవకే. కాని ఒక తేడా చూడండి. కొళాయికి నీటి పన్ను వస్తుంది. ఆ ఫ్లైఓవరు మీద పోయేవాళ్ళు డబ్బు కట్టరు. అంటే ఆ వడ్డీ ఇంటి పన్ను లాంటి ఆదాయాల నుంచే రావాలి. కారు ఉన్నవాళ్ళూ కడతారు. ఫ్లైఓవరు కింద నడిచిపోయే వాళ్ళూ కడతారు. అద్దెకు ఉన్నామండీ, మాకు పన్ను లేదు అంటారా? ఇంటి ఓనరు పన్ను పెరిగితే అద్దె పెంచడూ?

ఫ్లైఓవరు వద్దని నేను అనడం లేదు. బస్సులో గంట సేపు నిలబడి పనికి వెళ్ళే ఆడవాళ్ళకు దాని విలువ తెలుసు. కాని మొదట రోడ్డా, మురుగు కాల్వా అని నిర్ణయించేటప్పుడు అక్కడ ఎవరు కూర్చుని ఉన్నారు అనేది చూసుకోవాలి.

అప్పు తీర్చలేకపోతే? పట్నాన్ని జప్తు చేస్తారా? అమెరికాలో డెట్రాయిట్ అని కార్ల ఫ్యాక్టరీల నగరం. ఫ్యాక్టరీలు పోయాయి, జనం వెళ్ళిపోయారు, పన్నులు తగ్గాయి. అప్పులు మాత్రం ఉండిపోయాయి. 2013 జులైలో ఆ నగరం కోర్టుకు వెళ్ళి దివాలా చెప్పింది. బాకీ సుమారు 1,800 కోట్ల డాలర్లు. అందులో దాదాపు మూడో వంతు నీళ్ళ, మురుగు బాండ్ల బాకీయే. రిటైరైన నగర ఉద్యోగులు చాలామందికి నెల పింఛను 4.5 శాతం కోశారు. 2014లో నీళ్ళ బిల్లు బాకీ పడిన వేల ఇళ్ళకు కొళాయి కట్టేశారు. అంత డబ్బున్న దేశంలో! పసిపిల్లలున్న తల్లులు పక్కింటి నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ బాండ్ల మీద సంతకాలు పెట్టింది ఆ తల్లులు కాదు.

మన దగ్గర 1993 జూన్ నుంచి 74వ రాజ్యాంగ సవరణ అమలులో ఉంది. మునిసిపాలిటీల్లో కనీసం మూడో వంతు సీట్లు ఆడవాళ్ళవి. ఏటా బడ్జెట్ సమావేశం జరుగుతుంది. అప్పు ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత కట్టారు అనే లెక్క బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది. మీ వార్డు కౌన్సిలరమ్మను అడగండి. పొదుపు సంఘంలో మీరు అడిగే మాటలే అడగండి. దేనికి తెచ్చారు? ఏ ఆదాయంతో తీరుస్తారు? ఆ పని మా వీధి దాకా ఎప్పుడు వస్తుంది? ఆమెకూ తెలియకపోతే ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్ళండి.

ఈ రోజుకు ఇక్కడ ఆపుతాను. వచ్చే శుక్రవారం వచ్చేటప్పుడు ఎవరి ఇంటి పన్ను రసీదు వాళ్ళు తెచ్చుకోండి. అద్దెకు ఉన్నవాళ్ళు ఓనరు దగ్గర అడిగి తెండి. అందులో ఏ పన్ను ఎంత అని రాసి ఉందో చూద్దాం. ఒక్కొక్క గడీ చదువుకుంటూ వెళదాం.