కచేరీ రికార్డులో పాలకొల్లు మాండొలిన్
(హబ్సిగూడలో జరిగిన మన సంఘ సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద పాటల గురించి మాట్లాడనిచ్చిన కార్యదర్శిగారికి కృతజ్ఞతలు. లైఫ్ సర్టిఫికెట్ల సంగతి నా తరువాత వారే చెబుతారు, కనుక ఎవరూ లేచి వెళ్ళనవసరం లేదు.

ఆ మధ్య మా మనవడు ఒక ఫ్రెంచి రాక్ బృందం రికార్డు వినిపించాడు. పేరు మాగ్మా. క్రిస్టియన్ వాండర్ అనే డ్రమ్ముల వాద్యకారుడు 1969లో స్థాపించిన బృందం. 1975లో పారిస్‌లో జనం ఎదుట వాయించినది రికార్డు చేసి, ఆ ఏడాదే విడుదల చేశారు. అందులోని పాట ఫ్రెంచిలో కూడా లేదు. వాండర్ తానే ఒక భాషను కల్పించి అందులో పాడించాడు! మొదటి పావుగంట నాకు తలనొప్పి. తరువాత కాస్త అలవాటైంది. "స్టూడియోలో చేసినదాని కంటె ఇదే నాకిష్టం తాతా, ఎందుకంటావు?" అన్నాడు వాడు. జవాబు వెతుక్కుంటూ మన ఇంటి సరుకు దగ్గరికే వచ్చాను.

మాండొలిన్ శ్రీనివాస్‌గారు 1969లో పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ తీసి తనంతట తాను మీటడం మొదలుపెట్టిన పిల్లవాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తంత్రుల మీద పలికించేవాడు. ఆ వాద్యంలో గమకం ఎందుకు మంచిదైందో ఇందులోనే ఉందని నా అభిప్రాయం. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం.

మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే నాదం టక్కున చచ్చిపోతుంది. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్‌గారు ఒంటి తీగలు అయిదు పెట్టుకుని, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. నాదం నిలిచింది. విద్యుత్తు లేకపోతే ఆ సంగీతం లేదు. "కరెంటు వాద్యం కర్ణాటక సంగీతమా?" అని ముక్కు విరిచినవారిలో నేనూ ఒకణ్ణి. ఒప్పుకుంటున్నాను.

అటు జాన్ మెక్‌లాఫ్లిన్ అనే ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు అమెరికాలో ఎస్. రామనాథన్‌గారి వద్ద వీణ నేర్చుకున్నాడు. తన గిటారు మెట్ల మధ్య చెక్కను పల్లంగా చెక్కించుకున్నాడు, వీణలో మాదిరి తీగ లాగడానికి. ఆయన, జాకిర్ హుస్సేన్ తదితరులు కలిసి శక్తి అనే బృందం పెట్టారు. 1976లో వచ్చిన వారి మొదటి రికార్డే కచేరీ రికార్డు. తరువాత రిమెంబర్ శక్తిగా మళ్ళీ కలిసినప్పుడు అందులో మన పాలకొల్లు మాండొలిన్ చేరింది.

2000 డిసెంబరులో ముంబయిలో వారు చేసిన కచేరీ మరుసటి సంవత్సరం 'శాటర్‌డే నైట్ ఇన్ బాంబే' పేరుతో వెలువడింది. ఉన్నవి నాలుగే అంశాలు. ఒకదానిలో శివకుమార్ శర్మగారి సంతూర్. మరొకటి త్యాగరాజస్వామి బంగాళ రాగ కృతి, శంకర్ మహదేవన్ గాత్రంతో. గిరిరాజసుత అంటే పార్వతి, ఆమె తనయుడు వినాయకుడు. రికార్డు మీద మాత్రం సుత కాస్తా 'సుధ' అయింది! పార్వతి అమృతమైపోయింది. పోనీయండి. గిటారు, డ్రమ్ముల మధ్య స్వామివారి కృతి చెడిపోతుందని భయపడి విన్నాను. తాళవాద్యాల జోరు నాకు ఇప్పటికీ కొంచెం ఎక్కువే. రాగం మాత్రం చెక్కుచెదరలేదు.

శ్రీనివాస్‌గారు 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళకే పోయారు. శివకుమార్ శర్మగారు 2022లో, జాకిర్ హుస్సేన్ 2024లో వెళ్ళిపోయారు. ఆ వేదిక మీది మనుషులు మళ్ళీ కలవరు. ఒకరు వాయిస్తుండగా ఇంకొకరు వింటున్నారని తెలిసిపోయే ఆ క్షణం ఆ చప్పట్లతో సహా అక్కడే ఉంది. మా మనవడికి ఈ మాటే చెప్పాను. వాడికి నచ్చిందో లేదో తెలియదు.

ఇక నా తప్పు ఒకటి. హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్న కొత్తలో, ఇప్పుడు మెట్రో రైలు నడిచే ఉప్పల్ రోడ్డు రాత్రి ఎనిమిదింటికే సద్దుమణిగే రోజుల్లో, మా అక్కయ్య వచ్చి నెల రోజులుంది. ఒక సాయంత్రం వీణ వాయిస్తుంటే క్యాసెట్టు పెట్టాను. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. వాటిని విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు కాదు. నేను విరవలేదు. ఒకనాడు తొందరలో అదే క్యాసెట్టు మీద క్రికెట్ కామెంటరీ ఎక్కించాను. అక్కయ్య పోయి పదకొండేళ్ళు. కామెంటరీ అయిపోయాక చివర నాలుగు నిమిషాల వీణ మిగిలింది. మధ్యలో కుక్కరు విజిల్, "పప్పు దించండర్రా" అని అక్కయ్య గొంతు. వీణ ఆపకుండానే అంది.

మీ ఇళ్ళలో అటక మీద ఇలాంటివి ఉండే ఉంటాయి. తేమకు టేపు అంటుకుపోతుంది, బూజు పడుతుంది. లోపల టేపును హెడ్డుకు అదిమే స్పాంజి ముక్క ఊడిపోతుంది. బూజు పట్టినవి దయచేసి మీరు యంత్రంలో పెట్టకండి, అలాగే తెండి. నా టేప్ రికార్డరుకు రబ్బరు బెల్టు మార్పించాను. కంప్యూటరులోకి ఎక్కించే పని మా మనవడు చూస్తానన్నాడు. వచ్చే సమావేశంలో లెక్కల పత్రం చదివాక ఆ ముంబయి రికార్డు కూడా వినిపిస్తాను. క్యాసెట్టు మీద పేరు, తారీఖు రాసి తెండి. రెక్కలు మాత్రం ఇవాళే విరిచేయండి.