పాత జీన్స్‌తో బొంత

పాత చీరలతో బొంత కుట్టడం మనకు కొత్త కాదు. మరి పాత జీన్స్ ప్యాంట్లతో? అదీ కుట్టొచ్చు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళలు పొలం పనుల్లో అరిగిపోయిన బట్టలతోనే బొంతలు కుట్టేవారు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన భర్త పని బట్టలతో ఒక బొంత కుట్టుకుంది. ఆ బొంతను తర్వాత మ్యూజియంలో ప్రదర్శించారు!

ఇక మన పని. ప్యాంట్లు ఉతికి ఇస్త్రీ చేయండి. కాలి పొడవునా ఉండే లావుపాటి కుట్లు కత్తిరించి పారేయండి. మోకాలి దగ్గర గుడ్డ పలచబడి ఉంటుంది, అది వద్దు. వెనక, పిక్కల దగ్గర గుడ్డ గట్టిగా ఉంటుంది. చదరాలు అక్కడ కత్తిరించండి. సాగే జీన్స్‌ను, సాగని జీన్స్‌ను కలపకండి. ముడతలు పడతాయి.

ఈ చదరాలను కలిపి కుట్టడానికి కుట్టు మిషన్‌కు జీన్స్ సూదే వేయాలి. నాలుగు మూలలు కలిసేచోట మందం ఎక్కువ. అక్కడ మోటారు ఆపి, చక్రం చేత్తో తిప్పండి. లేదంటే సూది విరుగుతుంది.

అసలు సంగతి బరువు. జీన్సే బరువు, కాబట్టి లోపల దూది వద్దు. మళ్లీ చెబుతున్నా, దూది వద్దు. అడుగున పాత నూలు చీర వేసి, అక్కడక్కడా లావు దారంతో ముడులు వేస్తే చాలు. దూది కూడా ఉంటే, తడిసినప్పుడు ఎత్తలేం మరి!

మొదటిసారే మంచానికి సరిపడేది మొదలుపెట్టకండి. ఒళ్లో కప్పుకునేంతది కుట్టి చూడండి.